ఎర్ర సంచీ, నీళ్ల బకెట్టు: హకాతాలో రెండేళ్లు

"అక్కా, అక్కడ ఏం తింటావ్?" జపాన్ అనగానే మన కాలేజీ జూనియర్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది "ప్యాకేజీ ఎంత?", మూడోది "నిజంగా అనిమేలో ఉన్నట్టే ఉంటుందా?" మొదటి, మూడో ప్రశ్నలకి ఇందులో కొంత జవాబు దొరుకుతుంది. రెండోది మెయిల్ పెట్టి అడగండి. క్లబ్ ఎడిటర్ మాత్రం "ట్రావెల్ వ్లాగ్‌లా వద్దక్కా, చదివినవాళ్లకి ఏదైనా తెలిసేలా రాయి" అన్నాడు. సరే, దీన్ని పాఠమనే అనుకోండి. ఈ పాఠం ఒక చెత్త సంచీతో మొదలవుతుంది.

నేను ఉన్నది టోక్యోలో కాదు, ఫుకుఓకాలో. మ్యాపులో జపాన్‌కి దక్షిణాన క్యూషూ అనే పెద్ద దీవి ఉంటుంది, దాని ఉత్తరపు ఒడ్డున ఈ ఊరు. ఇక్కడినుంచి టోక్యో కంటే కొరియాలోని పూసాన్ చాలా దగ్గర. ఎయిర్‌పోర్టులో దిగి సబ్‌వే ఎక్కితే రెండో స్టేషనే ఊరి మెయిన్ స్టేషన్, అయిదు నిమిషాల ప్రయాణం. స్టేషన్ పేరు మాత్రం ఫుకుఓకా కాదు, హకాతా. మొదటిరోజు నేను తప్పు స్టేషన్‌లో దిగానేమో అని కంగారుపడ్డాను.

దాని వెనక కథ ఉంది. మధ్యలో నాకా నది. దానికి తూర్పున హకాతా, వందల ఏళ్లనాటి రేవు, వ్యాపారుల ఊరు. పడమరన ఫుకుఓకా, కోట చుట్టూ సమురాయ్‌లు కట్టుకున్న ఊరు. 1889లో రెండింటినీ కలిపి ఒక నగరం చేసి ఫుకుఓకా అని పేరు పెట్టారు. హకాతా వాళ్లు ఊరుకోలేదు. 1890లో పేరు మార్చాలని నగర సభలో ఓటింగ్ పెడితే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. స్టేషన్‌కి మాత్రం హకాతా పేరే మిగిలింది. ఇప్పటికీ నదికి తూర్పున ఉండే పెద్దవాళ్లని "మీది ఫుకుఓకానా?" అని అడిగితే "కాదు, హకాతా" అని దిద్దుతారు. నా అద్దె గది హకాతా వైపే. పాత రెండంతస్తుల బిల్డింగ్, పైన నాలుగు గదులు, కింద నాలుగు.

ఆ గది దొరకడమే గగనమైంది. "విదేశీయులకి ఇవ్వరండీ" అని ఏజెంట్ మర్యాదగా, తల వంచి మరీ చెప్పిన ఇళ్లు మూడున్నాయి. నాలుగోది ఇది. ఇల్లు దొరికాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకి వెళ్లి, రెసిడెన్స్ కార్డు వెనకాల అడ్రస్ రాయించుకోవాలి. అది లేకపోతే ఏ పనీ ముందుకు సాగదు. మీలో ఎవరైనా వెళ్తే, దిగిన మొదటి వారంలోనే ఆ పని చేసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టింది, డాక్టర్ దగ్గరికెళ్తే బిల్లులో 30 శాతం మనం ఇవ్వాలి. కాగితాల గొడవ ఇంతే. అసలు పరీక్ష కాగితాల్లో లేదు.

వార్డు ఆఫీసులో ఇచ్చిన పుస్తకంలో చెత్త గురించి ఒక చాప్టర్ ఉంది. నేను చదవలేదు. యూట్యూబ్‌లో చూశాను కదా, తెలుసులే అనుకున్నాను. "జపాన్‌లో పొద్దున్నే ఎనిమిదిలోపు చెత్త బయట పెట్టాలి" అని వీడియోలో చెప్పారు. నేనూ పొద్దున్నే ఎర్ర సంచీ పెట్టేసి ఆఫీసుకెళ్లాను. అందులో కూరగాయల తొక్కలు, రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒక టిన్ను, అన్నీ కలిపే.

ఫుకుఓకాలో చెత్త బండి రాత్రిపూట వస్తుందని నాకప్పుడు తెలీదు. పొద్దు కుంకాక అర్ధరాత్రిలోపు పెట్టాలి. తెల్లారేసరికి వీధి ఖాళీ. నేను పెట్టిన సంచీ పగలంతా అక్కడే ఉండిపోయింది, కాకులు చింపి పెట్టాయి. సాయంత్రం వచ్చేసరికి కింద గదిలో ఉండే పెద్దావిడ పటకారుతో ఒక్కొక్క ముక్కా ఏరుతోంది. దగ్గర దగ్గర ఎనభై ఏళ్లుంటాయి. నేను పరిగెత్తి "సుమిమాసెన్, సుమిమాసెన్" అంటూ చేతులతోనే ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. నాకు అదే భయమేసింది. మన దగ్గరైతే నాలుగు మాటలు అనేసి మర్చిపోతారు.

మర్నాడు తలుపు తట్టింది. చేతిలో ఒక కాగితం, స్వయంగా బొమ్మలు వేసి తెచ్చింది. ఎర్ర సంచీ, పక్కన నిప్పు బొమ్మ: కాలే చెత్త, వారానికి రెండు రాత్రులు. నీలం సంచీ, పక్కన మూకుడు, గొడుగు: కాలనివి, నెలకొకసారి. పసుపు సంచీ, పక్కన సీసా: అదీ నెలకొకసారే. సంచులు షాపులో కొనుక్కోవాలి, పెద్ద ఎర్ర సంచీ ఒకటి 45 యెన్లు. అంటే ఎంత చెత్త చేస్తే అంత ఖర్చు మనకి. కాగితం అడుగున నా పేరు జపనీస్ లిపిలో రాసింది. జపనీస్‌లో 'ల' లేదు కాబట్టి నా పేరులో ల కాస్తా ర అయిపోయింది. రెండేళ్లూ అక్కడ నేను ఆ పేరుతోనే బతికాను. ఆవిడ పేరు ఇక్కడ రాయను. మనసులో మాత్రం మామ్మగారు అనే పిలుచుకునేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

ఆ కాగితం చూశాక ఒక విషయం అర్థమైంది. ఈ రూల్స్ గవర్నమెంట్ పెట్టినవే, కానీ వాటిని నడిపేది వీధి. చెత్త పెట్టే చోట వల కప్పడం, బండి వెళ్లాక ఊడవడం, ఇవి బిల్డింగ్‌లో వాళ్లే వంతులవారీగా చేస్తారు. ఆ వంతుని తోబాన్ అంటారు. నేను తప్పు చేస్తే కార్పొరేషన్‌కి కాదు నష్టం, ఆ వారం తోబాన్ ఎవరిదైతే వాళ్లకి. ఆ వారం మామ్మగారిది.

ఇక తిండి సంగతి. మా ఇంట్లో గుడ్డు దాకా ఓకే, మాంసం, చేప లేవు. నేను వెళ్లి పడ్డది పంది ఎముకల సూపుకి దేశమంతా పేరున్న ఊళ్లో. తొంకొత్సు రామెన్ అంటే అదే: ఎముకల్ని గంటలకొద్దీ మరిగిస్తే సూపు పాలలాగా తెల్లబడుతుంది, అందులో సన్నటి నూడుల్స్. నూడుల్స్ అయిపోతే సూపు ఉంచుకుని "కాఎదామా" అంటే ఇంకో ముద్ద వేస్తారు, మన భోజనం హోటల్లో మారు వడ్డించినట్టు. ఆ వీధుల్లో నడుస్తుంటే ఆ వాసన బట్టలకి పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పేది. ఏడాది తర్వాత ఊరి వాసన అంటే అదే అనిపించింది, తినకపోయినా.

మాంసం సులువుగానే తప్పించుకోవచ్చు, కంటికి కనిపిస్తుంది కాబట్టి. కనిపించనిది దాషి. అక్కడి వంటకి పునాది అది. కత్సువో అనే చేపని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెలాగా గట్టిపడేలా చేస్తారు. దాన్ని వడ్రంగి చిత్రిక పట్టినట్టు పలచగా గీసి, ఆ పొరల్ని వేడినీళ్లలో వేసి వడకడితే దాషి. ఉదోన్ సూపులో దాషి. పప్పు అనుకుని మీరు మురిసిపోయే మిసో సూపులో దాషి. ఉడకబెట్టిన గుమ్మడికాయ ముక్కల్లో కూడా దాషి. "చేప లేదు కదా?" అని అడిగితే వడ్డించేవాళ్లు నిజాయితీగానే "లేదు" అంటారు. వాళ్ల దృష్టిలో చేప అంటే ముక్క. మన దగ్గర "సాంబారులో ఇంగువ ఉందా?" అని ఎవరైనా అడిగితే ఎంత వింతగా చూస్తామో అంతే.

ఇక్కడ ఇంజినీరింగ్ బుర్ర కొంత పనికొచ్చింది. ప్యాకెట్ల మీద అలర్జీ పట్టిక ఉంటుంది. గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, రొయ్య, పీత లాంటివి చట్టప్రకారం రాసి తీరాలి. గొడ్డు, పంది, కోడి మాంసాలు రాస్తే మంచిదని సూచన మాత్రమే. కత్సువో అసలు ఆ పట్టికలోనే లేదు. అందుకని పట్టిక చూసి ఆగిపోకూడదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా మొత్తం చదవాలి. నేను నేర్చుకున్న మొదటి పది కాంజీ అక్షరాల్లో ఆవు, పంది, కోడి, చేప నాలుగు. మీకు భయంతో నేర్చుకున్నవి బాగా గుర్తుంటాయని చెప్తే నమ్మండి.

దాషి అంతా చేపతోనే అనుకోకండి. కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండిన షీతాకే పుట్టగొడుగులతో కూడా చేస్తారు. బౌద్ధ గుళ్లలో భిక్షువుల వంట, షోజిన్ ర్యోరి అంటారు, అంతా ఆ దాషితోనే. ఇందులో ఇంకో కథ కూడా ఉంది. 1908లో కికునాయె ఇకెదా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, కొంబు దాషిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని రుచి ఏమిటా అని వెతికి, అది గ్లూటమేట్ వల్ల వస్తోందని తేల్చి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మర్నాటి ఏడు దాన్నే పొడి చేసి అమ్మకానికి పెట్టారు. మన హాస్టల్ గేటు ముందు నూడుల్స్ బండివాడు చిటికెడు వేసే అజినమోటో అదే. మనందరం శాకాహార దాషి సారాన్ని ఫస్టియర్ నుంచీ తింటున్నాం.

ఒకరోజు మామ్మగారికి నా తిండి సంగతి చెప్పాను. చెప్పానంటే, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి, మధ్యలో బొమ్మలు వేసి. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఇంట్లోకెళ్లి ఒక డబ్బా తెచ్చింది. అందులో తకానా పచ్చడి. తకానా అంటే ఒక రకం ఆవ ఆకు, ఉప్పులో ఊరేసి ఎండుమిరపకాయతో కలుపుతారు. అక్కడ దాన్ని రామెన్‌లో వేసుకుంటారు, నేను అన్నంలో కలుపుకున్నాను. ఆ ఘాటు ముక్కుకి తగలగానే కళ్లలో నీళ్లొచ్చాయి. ఘాటు వల్లే అని ఆవిడకి చెప్పాను.

ఎందుకంటే అప్పటికి నాకు ఆరు నెలలు. ఇంటికి వెళ్లిపోదామని రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్న రోజులవి. ఏ కష్టమూ పెద్దది కాదు. బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉంటుంది, జనం నిలబడే ఉంటారు. ట్రైన్‌లో ఎవరూ మాట్లాడరు, ఫోన్ మోగదు. ఆఫీసులో అందరూ మర్యాదగా ఉంటారు, ఆ మర్యాదకి అవతల ఏముందో తెలీదు. ఒక్కోసారి శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా నేను మాట్లాడిన మాట ఒక్కటే ఉండేది, కన్వీనియన్స్ స్టోర్‌లో "సంచీ వద్దు" అని.

భాష మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. ఇది సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి ఒక్క పేరా భరించండి. "నేను రేపు కంపెనీకి వెళ్లను" అనేదాన్ని జపనీస్‌లో "వతాషి వ, అషితా, కైషా ని, ఇకనాయ్" అంటారు. ఒక్క మాట కూడా చోటు మారలేదు. కంపెనీ'కి' లాగే కైషా 'ని', విభక్తి వెనకే వస్తుంది. వెళ్లను అన్నప్పుడు కాదనడం క్రియలోనే కలిసిపోయినట్టు ఇకనాయ్‌లోనూ కలిసిపోయింది. మనం ఇంగ్లిష్ మాట తెచ్చుకుని చివర అచ్చు తగిలించి బస్సు, కార్డు అంటాం. వాళ్లూ బసు, కాడో అంటారు. ఇంగ్లిష్ గ్రామర్‌లో ఆలోచించి జపనీస్ మాట్లాడే నా కొలీగ్స్ కంటే, తెలుగులో ఆలోచించి మాట్లాడినప్పుడు నాకు వాక్యం సులువుగా వచ్చేది. అక్కడికి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఇంగ్లిష్‌ని మధ్యలో దళారీగా పెట్టుకోకండి.

ఇంకో పోలిక మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లకి మర్యాద రూపాలు, మామూలు రూపాలు వేరుగా ఉండటం. మామ్మగారు నాతో మొదటినుంచీ పుస్తకంలో ఉన్నంత మర్యాదగానే మాట్లాడేది.

ఏప్రిల్లో నా తలుపుకి ఒక అట్ట వేలాడుతూ కనిపించింది. దానికి క్లిప్పుతో కొన్ని కాగితాలు, పైన పేర్ల జాబితా. దాన్ని కైరాన్‌బాన్ అంటారు, వీధి సంఘం తిప్పే నోటీసు. ఒక ఇంటివాళ్లు చదివి, పేరు పక్కన ముద్ర గానీ సంతకం గానీ పెట్టి పక్కింటికి ఇవ్వాలి. ఈ వాట్సాప్ కాలంలో కూడా అది అలా చేతులు మారుతూ తిరుగుతుంది. జాబితాలో అందరి పేర్ల అడుగున నా పేరు, ఆ 'ర' తోనే, చేత్తో రాసి ఉంది. కాలవ శుభ్రం చేసే ఆదివారం, భూకంపం డ్రిల్, ఎవరిదో పిల్లి తప్పిపోయింది, ఇవీ విషయాలు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటూ చదవడానికి బద్ధకించి నాలుగు రోజులు నా దగ్గరే పెట్టేసుకున్నాను. పక్క గదివాళ్లకి వెళ్లేసరికి అందులో పండగ చందా తేదీ దాటిపోయింది. మళ్లీ "సుమిమాసెన్". అయితే ఈసారి నాకు అంత బాధ అనిపించలేదు. జాబితాలో లేనివాళ్లు ఆలస్యం చేయలేరు కదా.

ఆ చందా యామకసా పండగకి. పూర్తి పేరు హకాతా గియోన్ యామకసా, జులై 1 నుంచి 15 దాకా. యునెస్కో 2016లో జపాన్ రథోత్సవాలని కలిపి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇది కూడా అందులో ఉంది. గియోన్ అనే మాట మనకి దూరం కాదు: శ్రావస్తిలో బుద్ధుడున్న జేతవన విహారాన్ని జపనీస్‌లో గియోన్ అంటారు. ఆ విహారాన్ని కాపాడే దేవుడని నమ్మిన దేవత పేరుమీద, రోగాలు పోవాలని చేసే పండగలకి ఆ పేరొచ్చింది. హకాతాలో చెప్పే కథ ఏమిటంటే, 1241లో ఊళ్లో అంటురోగం వస్తే షోయిచి కొకుషి అనే బౌద్ధ గురువు ఒక పీట మీద కూర్చుని, దాన్ని జనం మోస్తుంటే వీధి వీధికీ తిరిగి నీళ్లు చల్లాడట. ఆ పీటే ఇప్పుడు టన్ను బరువు రథం అయింది. చక్రాలు ఉండవు. భుజాల మీద మోస్తూ పరిగెత్తాలి.

ఆ గురువు చైనాలో చదువుకుని వచ్చినవాడు. ఆయన స్థాపించిన జోతెన్‌జి గుడిలో "ఉదోన్, సోబా పుట్టిన చోటు" అని రాయి వేసి ఉంటుంది, పిండి మర పరిజ్ఞానం ఆయనే తెచ్చాడని నమ్మకం. గుడికి డబ్బు పెట్టినవాడు షా కొకుమెయ్, చైనా నుంచి వచ్చి హకాతాలో స్థిరపడ్డ వ్యాపారి. ఒక ఏడాది చివర్లో ఆకలితో ఉన్న ఊరివాళ్లకి ఆయన సోబా పెట్టాడని చెప్తారు. సమాధి మీద కర్పూరం చెట్టు పెరిగి, ఆ చెట్టునే జనం భక్తిగా చూసుకుంటున్నారు. ఎనిమిది వందల ఏళ్ల కింద నాలాంటి ఒక ఫారినర్! (అంత డబ్బు లేదు లెండి.) ఇంకా దగ్గరిది చెప్పాలంటే మెంతాయ్‌కో, కారం పట్టించిన చేప గుడ్లు. ఇప్పుడు హకాతా నుంచి అందరూ కొనుక్కెళ్లే సరుకు అదే. పూసాన్‌లో పుట్టి పెరిగిన తొషియో కవహరా, యుద్ధం తర్వాత ఇక్కడికొచ్చి, అక్కడ తిన్న కొరియా రుచిని మార్చి 1949లో నకాసు బజార్లో అమ్మడం మొదలుపెట్టాడు. పేటెంట్ తీసుకోలేదు, అడిగినవాళ్లకి తయారీ నేర్పాడు. అంటే ఈ ఊరు "మాది" అని గర్వంగా చెప్పుకునేవాటిలో చాలా భాగం పడవ దిగి వచ్చినవే. మరి బస్సులో నా పక్క సీటు ఎందుకు ఖాళీ? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం సతాయించింది.

యామకసా ఎలా నడుస్తుందో చూస్తే కొంత అర్థమైంది. 1587లో, యుద్ధాల్లో కాలిపోయిన హకాతాని తొయొతొమి హిదెయొషి మళ్లీ కట్టించినప్పుడు వీధుల్ని గుంపులుగా విడదీశారు. ఆ గుంపుని నగరే అంటారు, అర్థం పాయ, ప్రవాహం అని. ఇప్పుడు మోసే రథాలున్న నగరేలు ఏడు. రథం ఏ క్లబ్బుదో, కంపెనీదో కాదు, నగరేది. నగరే అంటే వీధులు. వీధి అంటే కైరాన్‌బాన్‌లో సంతకాలు పెట్టేవాళ్లు, తోబాన్ వంతు చేసేవాళ్లు. చెత్త ఊడ్చే జాబితా, రథం మోసే జాబితా మొదలయ్యేది ఒకే చోట. రథం ముందు ఎవరు, కొమ్ము ఎవరు పట్టాలి, తలకి ఏ రంగు గుడ్డ కట్టాలి, అన్నీ ఆ వీధిలో ఎన్నేళ్లు ఏ పని చేశావు అన్నదాన్ని బట్టే. మీటింగుల్లో ఏదైనా నిర్ణయం అయ్యాక అందరూ ఒకే లయలో చప్పట్లు కొడతారు, హకాతా తె-ఇప్పోన్ అని. ఒకసారి ఆ చప్పట్లు పడ్డాక ఎవరూ ఆ విషయం మళ్లీ ఎత్తకూడదు. మన క్లబ్ మీటింగులకి ఇది అర్జెంటుగా కావాలి.

పండగ రోజుల్లో అక్కడివాళ్లు దోసకాయ తినరు. కీరదోసని అడ్డంగా కోస్తే కనిపించే చక్రం గుడి ముద్రలా ఉంటుందని.

జులై 15 తెల్లవారుజామున 4 గంటల 59 నిమిషాలకి కుషిదా గుడి దగ్గర డోలు మోగుతుంది, మొదటి రథం కదులుతుంది. 5 గంటలు కాకుండా ఆ ఒక్క నిమిషం ముందెందుకంటే, మొదటి రథానికి మాత్రం గుడి ఆవరణలో ఆగి శుభగీతం పాడే హక్కు ఉంది, ఆ పాటకి ఆ నిమిషం. అక్కడినుంచి దాదాపు 5 కిలోమీటర్లు వీధుల్లో పరుగు. ఒకసారి మోసేది ఇరవై ఆరుమందో ఇరవై ఎనిమిదిమందో, కానీ అలసినవాళ్లు పక్కకి తప్పుకుంటుంటే పరుగు ఆగకుండానే కొత్త భుజాలు దూరుతుంటాయి, అలా వందల మంది. పైన ఆరుగురు కూర్చుని ఎర్ర కర్రతో దారి చూపిస్తారు. ఒక్కో రథానికి పట్టిన టైము సెకన్లతో సహా లెక్కపెడతారు.

ముందురోజు సాయంత్రం మామ్మగారు తలుపు తట్టి, రేపు మూడింటికి లే అంది. లేచి కిందికి వెళ్తే చీకట్లో వీధి అంతా జనం. ఇళ్ల ముందు బకెట్లు, టబ్బులు, అన్నిట్లో నీళ్లు. దారి పొడవునా మోసేవాళ్ల మీద నీళ్లు పోయాలి, వేడికి ఒళ్లు చల్లబడటానికి. నా చేతికి ఒక నీలం బకెట్టు ఇచ్చింది. దూరంగా "ఒయ్‌సా, ఒయ్‌సా" అని వినపడింది. మా ఊరి జాతరలో ఘటాలకి వారు పోయడం గుర్తొచ్చింది, చిన్నప్పుడు అమ్మమ్మ నా చేతికి చెంబు ఇచ్చేది. అది నెమ్మదిగా నడిచే ఊరేగింపు. ఇది మలుపు తిరిగిందంటే కళ్లముందు ఉంది, ఇంకో క్షణంలో లేదు. నేను కంగారులో ఆలస్యంగా విసిరాను. నీళ్లు రథానికి కాదు, వెనక పరిగెడుతున్న ఒక తెల్లజుట్టు పెద్దాయన మొహం మీద పడ్డాయి. ఆయన పరుగు ఆపకుండానే చెయ్యెత్తి ఏదో అరిచాడు. "తిట్టాడా?" అని అడిగాను. "థాంక్స్ చెప్పాడు" అంది మామ్మగారు, నవ్వు ఆపుకోలేక.

ఆ ఉదయం ఇంటికెళ్లి డ్రాఫ్ట్స్‌లో మెయిల్ తీసేశానని రాస్తే బావుంటుంది. తీసేయలేదు. ఆ సంగతి మర్చిపోయానంతే.

రెండో ఏడు జులైలో నాకు వంటింట్లో పని దొరికింది. రథం దించాక మోసినవాళ్లంతా కలిసి తింటారు. ఆ వంట, లెక్కలు, బట్టలు ఉతకడం అంతా ఆడవాళ్ల పని. హకాతాలో అలాంటి ఇంటి ఇల్లాలిని గౌరవంగా గోర్యోన్‌సాన్ అంటారు. వాళ్లు లేకపోతే పండగే లేదని మగవాళ్లు అందరూ అంటారు. కానీ రథం మోయడం మాత్రం మగవాళ్లదే. చిన్న ఆడపిల్లలు తండ్రులతో పాటు పరిగెడతారు, కాస్త పెద్దయ్యాక ఆగిపోతారు. నాకిది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మామ్మగారిని అడిగితే "మా నాన్న కాలం నుంచీ అడుగుతూనే ఉన్నాను" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, అన్నం ముద్దలు చుట్టే వేగం మాత్రం పెంచింది.

ఆ ముద్దలే ఒనిగిరి. చేతికి ఉప్పునీళ్లు రాసుకుని వేడి అన్నాన్ని మూడు మూలలుగా నొక్కాలి. మన సోనా మసూరితో ఇది కుదరదు, వాళ్ల బియ్యం జిగురు. నేను ఒక పది ముద్దల్లో ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ పెట్టాను. ఇద్దరు ఇంకోటి అడిగారు. మూడో ఆయన దగ్గుతూ బయటికి పరిగెత్తాడు. "మెంతాయ్‌కో కంటే కారం" అని ఆ రోజంతా నన్ను ఏడిపించారు.

అదే రోజు మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే మామ్మగారు వెనకనుంచి "నాన్ షియోత్తొ?" అంది. హకాతా యాసలో "ఏం చేస్తున్నావ్?" అని. చుట్టూ ఉన్నవాళ్లందరినీ పొద్దున్నించీ అలాగే పలకరిస్తోంది. నన్ను అలా అడగడం అదే మొదటిసారి. పుస్తకంలో ఉన్న మర్యాదంతా పోయింది.

కుర్రాళ్లు అడుగుతారని చెప్తున్నా: రాత్రి తిరగడానికి నది ఒడ్డున యతాయ్‌లు ఉంటాయి, తోపుడు బండ్లలాంటి హోటళ్లు, ఊరంతా కలిపి సుమారు వంద. ఒకప్పుడు కొత్తవాళ్లకి లైసెన్సు ఇవ్వక అవి తగ్గిపోతూ వచ్చాయి. 2013లో నగరం వాటికోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుని, ఆ తర్వాత కొత్తవాళ్లకీ చోటిచ్చింది. పదిమంది భుజం భుజం ఆనించి కూర్చోవాలి కాబట్టి, ట్రైన్‌లో నోరు విప్పనివాళ్లు కూడా అక్కడ పలకరిస్తారు. నాకు తినడానికి కాల్చిన టోఫు, గుడ్డు అట్టు, అదీ దాషి లేదని రెండుసార్లు అడిగాక. బస్సులో పక్క సీటు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉండేది. నన్ను ఎరిగినది ఊరు కాదు, ఒక వీధి.

సెప్టెంబర్లో కాంట్రాక్టు అయిపోయింది. గది ఖాళీ చేసేటప్పుడు ఏడు ఎర్ర సంచులు మిగిలాయి. మామ్మగారికి ఇస్తే లెక్కపెట్టి, లోపలికెళ్లి 315 యెన్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి, నాతో కూడా ఎత్తించి, తె-ఇప్పోన్ కొట్టించింది. ఇక మాట్లాడటానికి లేదు, డబ్బు జేబులో పెట్టుకున్నాను. తలుపుకి ఆ నెల కైరాన్‌బాన్ వేలాడుతోంది. కాలవ శుభ్రం చేసే రోజు నేను వెళ్లిపోయిన తర్వాతి ఆదివారం. చదివి, నా పేరు పక్కన సంతకం పెట్టి, పక్క గది తలుపుకి తగిలించి వచ్చాను.